మా ఇంటి ఎస్ప్రెసో మెషిన్: ఐదున్నరేళ్ళ తరువాత

కొన్న మొదటి వారంలోనే రాసే సమీక్షల మీద నాకు నమ్మకం లేదు. కొత్తది ఎవరింట్లోనైనా బాగానే పనిచేస్తుంది. మా ఎస్ప్రెసో మెషిన్, అంటే వేడి నీళ్ళను ఒత్తిడితో పొడిలోంచి నెట్టి చిక్కటి కాఫీ తీసే యంత్రం, ఐదున్నరేళ్ళుగా రోజుకు నాలుగైదు కప్పులు తీస్తోంది. ఈలోగా మూడు నాలుగుసార్లు ఇక దీని పని అయిపోయిందనుకుని కొత్తదాని ధరలు కూడా చూశాను. తీరా చూస్తే, లోపల ఏదీ కాలిపోలేదు, విరగలేదు. ఇన్నేళ్ళలో నేను మార్చిన భాగం ఒక రబ్బరు మాత్రమే.

మాది మధ్యరకం యంత్రం: ఒకటే బాయిలర్, వైబ్రేషన్ పంపు, పాలు నురగబెట్టే ఆవిరి గొట్టం, కాఫీ పొడి నింపే 58 మిల్లీమీటర్ల బుట్ట పట్టే పిడి. మేముండేది హైదరాబాద్ శివారులో, బోరు నీళ్ళ మీద ఆధారపడిన అపార్ట్‌మెంట్‌లో. నిజానికి ముందు చెప్పవలసింది ఈ నీళ్ళ సంగతే.

మా కుళాయి నీళ్ళు కాచిన గిన్నెకు వారం తిరిగేసరికి అడుగున తెల్లటి గార కడుతుంది. అది రోజూ చూస్తూ కూడా మొదటి ఏడాదిన్నర మెషిన్‌లో ఆ నీళ్ళే పోశాను. ముందు ఆవిరి జోరు తగ్గింది. తరువాత కప్పు నిండడం ఆలస్యమైంది. చివరికి ఒక ఉదయం పిడి బిగించే చోట చుక్క కూడా రాలేదు. సర్వీసు సెంటర్‌కు తీసుకువెళితే లోపలి సర్క్యూట్ బోర్డు పోయిందని, ఏడు వేలు అవుతుందని చెప్పారు. పైమూత అయినా విప్పకుండా చెప్పిన ఆ మాట నాకు నచ్చలేదు. తిరిగి ఇంటికి తెచ్చేశాను.

ఇంటికి వచ్చాక ఆవిరి మీట తిప్పి పంపు వేసి చూశాను. గొట్టంలోంచి సన్నగా అయినా నీటి ధార వచ్చింది. అంటే పంపు పనిచేస్తోంది, బాయిలర్‌లోకి నీళ్ళు చేరుతున్నాయి, పూడుకుపోయింది కాఫీ వైపు దారి ఒక్కటే. మీ ఇంట్లోనూ నీళ్ళు ఆగిపోతే ముందు ఈ పరీక్ష చేయండి. రెండు వైపులా రాకపోతే తేడా పంపులోనో, బాయిలర్‌లోకి నీళ్ళు చేరే దారిలోనో ఉన్నట్టు, ఒకవైపే రాకపోతే ఆ దారి పూడుకుపోయినట్టు.

లీటరు నీళ్ళలో 20 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి ట్యాంకులో పోశాను. ఆవిరి గొట్టం ద్వారా కొంత వదిలి, బాయిలర్ నిండాక ఆపి, ఇరవై నిమిషాలు వదిలేశాను. మళ్ళీ కొంచెం వదలడం, మళ్ళీ ఆగడం. మూడో విడతలో కాఫీ వైపు నుంచి ముందు తుంపర్లు పడ్డాయి, తరువాత సున్నం కలిపినట్టు తెల్లటి నీళ్ళు వచ్చాయి. కింద పెట్టిన గిన్నెలో వేలు పెడితే ఇసుకలా గరుకుగా రేణువులు తగిలాయి. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. తరువాత రెండు ట్యాంకుల మంచినీళ్ళు పూర్తిగా పారించి కడిగాను. బాగా గార పట్టిన యంత్రానికి ఈ పని తొందరగా చేయకూడదు. పెచ్చులు ఒక్కసారిగా ఊడివచ్చి చిన్న వాల్వులో ఇరుక్కుంటే అడ్డు ఇంకా బిగుస్తుంది. వెనిగర్ వద్దు, ఆ వాసన ఒక పట్టాన వదలదు. లోపల అల్యూమినియం ఉన్న యంత్రాలు కొన్ని ఉన్నాయి. మీది ఏదో, దానికి ఏ ద్రావణం వాడాలో యంత్రంతో వచ్చిన పుస్తకంలో చూసుకున్నాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు ఆర్‌వో నీళ్ళే పోస్తున్నాను. అయితే అది మరీ ఉత్త నీరైతే కాఫీ చప్పగా ఉంటుంది. మా ఫిల్టర్‌లో టీడీఎస్ సర్దే మర ఉంది, దాన్ని 80 దగ్గర పెట్టాను. టీడీఎస్ అంటే నీటిలో కరిగినవన్నీ కలిపిన లెక్క. గార కట్టేది అందులోని కాల్షియం, మెగ్నీషియం వల్ల. అందుకే ఈ నీళ్ళు పోస్తున్నా మూడు నెలలకోసారి నిమ్మ ఉప్పు పెట్టడం మానలేదు.

ఇక కాఫీ పొడి. ఫిల్టర్ కాఫీ తాగే మన ఇళ్ళలో అందరూ చేసే పొరపాటు ఇక్కడే ఉంది. అమ్మ వచ్చినప్పుడు తనకు అలవాటైన చికోరీ కలిపిన పొడిని ఈ బుట్టలో నింపాను. పంపు మూలిగింది, రెండు నల్లటి బొట్లు రాలాయి, అంతే. చికోరీ వేడి నీళ్ళకు ఉబ్బి బంకలా తయారవుతుంది. స్టీలు ఫిల్టర్‌లో గంటసేపు నింపాదిగా దిగే డికాక్షన్‌కు అది పనికివస్తుంది కానీ, అర నిమిషంలో దిగవలసిన ఎస్ప్రెసోకు అడ్డుపడుతుంది. రాలేదు కదా అని వెంటనే పిడి తిప్పాను. లోపల మిగిలిన ఒత్తిడికి వేడి పొడి గోడ దాకా చిమ్మింది. ముంజేయి కాలింది. కాఫీ ఆగిపోయినప్పుడు కనీసం రెండు నిమిషాలు ఆగి, ఆవిరి మీట తెరిచి ఒత్తిడి వదిలాక పిడి ముట్టుకోండి. ఈ ఒక్క మాట తప్పక గుర్తుపెట్టుకోండి.

దీనికి ఎదురు సమస్య, కాఫీ పన్నెండు సెకన్లలో బొళబొళా కారిపోయి పుల్లగా, నీళ్ళగా ఉండడం. పెట్టె మీద పంపు ఒత్తిడి 15 బార్లు (బార్ అంటే ఒత్తిడికి కొలత) అని గొప్పగా రాసి ఉంటుంది, ఎస్ప్రెసోకు కావలసింది 9 బార్లే. ఒత్తిడి నిలవాలంటే పొడి అడ్డుకోవాలి. పొడి బరకగా ఉన్నా, పాతదైనా అడ్డుకోదు. దుకాణంలో ఆడించి అమ్మే పొడితో రెండేళ్ళు కుస్తీ పట్టాను. చేతితో తిప్పే మంచి గ్రైండరు, గ్రాముల తూకం కొన్నాక పదిరోజుల్లో దారికొచ్చింది. 18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లలో. అంతకన్నా వేగంగా వస్తే పొడి మరికాస్త మెత్తగా ఆడించాలి, నెమ్మదిగా వస్తే కాస్త బరకగా. నేను అరకు గింజలు వాడతాను. ఆ లోయలో పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఏ ఊరి గింజలైనా సంచి మీద వేయించిన తేదీ లేకపోతే మాత్రం కొనను.

పిడి అంచుల నుంచి నీళ్ళు కారడం మొదలైనప్పుడు నేను ఇంకా గట్టిగా బిగిస్తూ పోయాను. అమ్మ చూసి, "నాన్నా, కుక్కర్‌కి మార్చినట్టు దీనికీ రబ్బరు మార్చాలేమో చూడు" అంది. సరిగ్గా అదే. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే ఆ రబ్బరు వంగకుండా ముక్కలుగా విరిగింది. దాని పక్కనే, బుట్టకు పైన ఉన్న చిన్న జల్లెడ కూడా విప్పాను. వెనకంతా నల్లటి జిగురు, ముక్కిన నూనె వాసన. నెలల తరబడి నా కాఫీలో చేదుకు కారణం అదని అప్పుడు తెలిసింది. ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ జల్లెడ తీసి వేడి సబ్బునీళ్ళలో నానబెడతాను. కొత్త రబ్బరు సిలికాన్‌ది వేశాను, మూడేళ్ళయినా మెత్తగానే ఉంది.

సంక్రాంతికి ఊరెళ్ళి పదిరోజుల తరువాత వస్తే పంపు గరగరమంటూ పెద్దగా మోగింది, నీళ్ళు లాగలేదు. లోపల గాలి చేరింది. ఆవిరి మీట తెరిచి పంపు వేస్తే ఎక్కువసార్లు గాలి పోతుంది. అప్పుడు పోలేదు. సూది లేని సిరంజితో ట్యాంకు కింది గొట్టంలోకి నీళ్ళు ఎక్కించాను, లాగింది. నీళ్ళు లేకుండా పంపును అర నిమిషం మించి తిప్పకండి, కాలిపోతుంది.

పాల నురుగు విషయంలో ఒక చిన్న మాట. కాచిన పాలు మీగడ తీసి, వడగట్టి, ఫ్రిజ్‌లో చల్లబరిచి వాడండి. మీగడ తరకలు ఉంటే నురుగు బుడగలుగా చిట్లుతుంది. పని అయిన వెంటనే గొట్టం తడిగుడ్డతో తుడిచి, ఒక్క క్షణం ఆవిరి వదలాలి. ఎండిన పాలు రంధ్రంలో గట్టిపడితే కుట్టుసూదితో పొడవాల్సి వస్తుంది. ఒకే బాయిలర్ ఉన్న యంత్రాల్లో ఆవిరి వాడిన వెంటనే కాఫీ తీస్తే మాడు రుచి వస్తుంది. అరకప్పు నీళ్ళు వదిలి చల్లార్చాకే తీయండి.

కొనవచ్చా అంటే, తప్పకుండా కొనవచ్చు. కానీ చేతిలో ఉన్న డబ్బంతా మెషిన్‌కే పెట్టకండి. మూడో వంతు గ్రైండరుకు ఉంచండి. పైజల్లెడ మరలు విప్పుకోగలిగేది, రబ్బరు విడిగా దొరికేది చూసి ఎంచుకోండి. మాదానికి ఇప్పుడు ఆవిరి మీట దగ్గర చుక్కచుక్కగా కారుతోంది. లోపలి ఓ-రింగు, అంటే నీళ్ళు కారకుండా ఆపే చిన్న రబ్బరు చుట్టు, అరిగి ఉంటుందని నా అనుమానం. రెండు కొని పెట్టుకున్నాను, వచ్చే ఆదివారం విప్పి చూడాలి.