వైట్‌ఫీల్డ్ బోరు నీళ్లు, మా ఇంటి ఆర్‌వో: ఏళ్ల తరబడి వాడాక

వాటర్ ప్యూరిఫైయర్ కొనే ముందు మీ సంపులోకి ఏ నీళ్లు వస్తున్నాయో కనుక్కోండి. బెంగళూరు వైట్‌ఫీల్డ్ దగ్గర మా అపార్ట్‌మెంట్ సంపులో బోరు, ట్యాంకర్, కావేరి నీళ్లు అన్నీ కలుస్తాయి. కావేరి ఎక్కువగా వచ్చిన రోజు టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పులు, ఖనిజాల మొత్తం) లీటరుకు 200 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటుంది, వట్టి బోరు నీళ్లయితే వెయ్యి దాటుతుంది. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం ప్రకారం తాగేనీటిలో అది లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి. వేరే దిక్కు లేనప్పుడే 2000 వరకు ఒప్పుకుంటారు. అందుకే ఆర్‌వో (మెంబ్రేన్ అనే సన్నని పొర గుండా నీళ్లను నెట్టి ఉప్పులు తీసేది), యూవీ (అతినీలలోహిత కాంతితో క్రిములను చంపేది) రెండూ ఉన్న మిషన్ పెట్టించాం. ఏడాదంతా కావేరి నీళ్లే వచ్చే ఇల్లయితే ఆర్‌వో కొనేవాళ్లం కాదు, యూవీ చాలు.

పని బాగా చేస్తోంది. టీ మీద తెట్టె కట్టడం లేదు, కందిపప్పు త్వరగా ఉడుకుతోంది.

నా అసలు ఫిర్యాదు మిషన్‌లోని టీడీఎస్ స్క్రూ గురించి. కదిరి నుంచి అమ్మ వచ్చినప్పుడల్లా నీళ్లు చప్పగా ఉన్నాయంటుంది. సర్వీసు అబ్బాయి అది విని, రుచి పెంచుతానని స్క్రూడ్రైవర్ తీశాడు. వద్దన్నాను. ఆ స్క్రూ తిప్పితే మెంబ్రేన్ గుండా వెళ్లని నీళ్లు కొన్ని వచ్చి శుద్ధి అయిన నీళ్లలో కలుస్తాయి. యూవీకి క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. ఫ్లోరైడ్ నీళ్లు పళ్లను, ఎముకలను ఏం చేస్తాయో అనంతపురం, నల్గొండ వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కోలారు, చిక్కబళ్లాపుర బోర్లలోనూ ఆ సమస్య ఉంది. టీడీఎస్ మీటర్ ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, క్రిములు ఉన్నాయో లేదో అసలే చెప్పదు. బోరు నీళ్లు వాడేవాళ్లు ఒక్కసారైనా ల్యాబ్‌లో పరీక్ష చేయించాల్సిందే.

రెండో సంగతి చాలామందికి తెలియదు. మెంబ్రేన్ పాడవకుండా మిషన్‌లోని కార్బన్ ఫిల్టర్ ముందే క్లోరిన్ తీసేస్తుంది. అంటే ట్యాంకులో నిలవున్న నీళ్లకు క్రిముల నుంచి ఇక రక్షణ ఉండదు. మేం ఊరెళ్లి వస్తే ట్యాంకులో నీళ్లన్నీ వదిలేసి, మళ్లీ నింపాకే తాగుతాం. మిషన్ వదిలేసే నీళ్లు బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడతాం. ఉప్పు ఎక్కువ కాబట్టి మొక్కలకు పోయం. లీటరు మంచినీళ్లకు రెండు, మూడు లీటర్లు అలా పోతాయి. 2024 వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు అది చూస్తే ప్రాణం ఉసూరుమనేది.

ప్రయాణాల్లో ఈ మిషన్ వెంట రాదు. స్టీలు సీసాలో ఇంటి నీళ్లు, అవి అయిపోతే రైల్లో సీల్ సరిగ్గా ఉన్న రైల్ నీర్. లాడ్జిలో చిన్న కెటిల్‌తో ఒక నిమిషం తెర్లనిచ్చి చల్లారబెట్టుకుంటాం. క్రిములకు అది చాలు, ఉప్పు, ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటాయి. పిల్లలు పళ్లు తోముకోవడానికీ ఆ నీళ్లే. బయట జ్యూస్‌లో ఐసు మాత్రం వేయించుకోం.

ఫిల్టర్ క్యాండిల్, మెంబ్రేన్, ఏఎంసీ (ఏడాది సర్వీసు ఒప్పందం) ఖర్చులు తక్కువేం కావు. అయినా మా నీళ్లకు ఇది తప్పదు, మళ్లీ కొన్నా ఆర్‌వోనే కొంటాను. ఈసారి స్టీలు ట్యాంకు ఉన్నది చూస్తాను, ఇప్పటి ప్లాస్టిక్ ట్యాంకు మూలలకు బ్రష్ అందడం లేదు.