చిక్‌పేటలో కొన్న కాసినో చిప్పు: పూడ్చిన గాటు సంగతి

బెంగళూరు చిక్‌పేటలో పాత నాణేలు అమ్మే ఒక దుకాణంలో కిందటి నెల లాస్ వేగస్ డ్యూన్స్ కాసినో చిప్పు (జూదంలో డబ్బుకు బదులు వాడే బిళ్ల) ఒకటి కొన్నాను. ఆ కాసినో 1993 జనవరిలో మూతపడి, అదే ఏడాది అక్టోబరులో నేలమట్టమైంది కనుక, అంచు చెక్కుచెదరని చిప్పు దొరికిందని ఎంతో సంబరపడ్డాను. ఇంటికి తెచ్చి భూతద్దంతో పరిశీలిస్తే అంచున ఒకచోట రంగు కాస్త ముదురుగా కనిపించింది. అతినీలలోహిత దీపం కింద గోరంత మేర అక్కడ మాత్రమే తెల్లగా మెరిసింది. రద్దుచేసిన చిప్పులకు అంచున గాటు పెట్టడమో, రంధ్రం చేయడమో కాసినోలలో ఉన్న పద్ధతి. ఎవరో ఆ గాటును జిగురుతో పూడ్చి, రంగు అద్ది, నూనె రాసి, నిండు చిప్పులా తయారుచేశారు.

గాటున్న చిప్పులనూ నేను ఇష్టంగానే కొంటాను, కానీ మరమ్మతు సంగతి చీటీ మీద రాయకుండా నిండు చిప్పు ధర తీసుకోవడం నాకు చాలా బాధ కలిగించింది. యజమాని మర్యాదగానే సొమ్ము తిరిగి ఇచ్చారు. అయితే నా కళ్లెదుటే ఆ చిప్పును అదే చీటీతో మళ్లీ అద్దాల పెట్టెలో పెట్టారు. అక్కడ కొనేవారు అంచు చుట్టూ వేలిగోటితో తడిమి చూసుకోవాలి, ఎందుకంటే జిగురు నింపిన చోట మిగతా అంచుకున్న గరుకుదనం ఉండదు.