సంకల్పంలో ఐదు వేల వంద

ప్రయాగ, కాశీ, గయ తిరిగొచ్చి పది రోజులైంది. ఇంటికొచ్చిన వాళ్ళంతా అడిగేది కాశీ గురించే. నాకేమో నోరు తెరిస్తే ప్రయాగ పడవే వస్తోంది. మా ఆవిడ అయితే "మళ్ళీ మొదలుపెట్టారా" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోతోంది. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను.

మేం నలుగురం. నేను, మా ఆవిడ, అత్తమ్మ, మామయ్య. మామయ్యకు డెబ్బై నాలుగేళ్ళు, చెవికి మిషన్ పెట్టుకుంటారు. డిసెంబర్ మొదటి వారంలో కాజీపేటలో దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఒక్క రాత్రే కదా, స్లీపర్ చాలు అనుకున్న తెలివి నాదే. బల్లార్షా దాటేసరికి మా నాలుగు బెర్తుల మీద పదకొండు మంది తేలారు. అందరూ సొంతూళ్ళకు పోతున్న బీహార్ కూలీలు. జనరల్ బోగీల్లో కాలు పెట్టే చోటు లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే మనుషుల మీద నుంచి దాటుకుంటూ పోవాలి. అత్తమ్మ ఆ భయంతో సాయంత్రం నుంచి నీళ్ళు తాగడమే మానేసింది. మామయ్య మాత్రం చెవి మిషన్ తీసి చొక్కా జేబులో వేసుకుని తెల్లారేదాకా హాయిగా నిద్రపోయారు. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు థర్డ్ ఏసీకి తక్కువ చేయకండి. అరవై రోజుల ముందే బుకింగ్ తెరుస్తారు, ఆ రోజే చేసుకోండి.

ప్రయాగరాజ్ ఛివ్‌కీలో దిగితే ఊళ్ళోకి రావడానికి యమున దాటాలి. ఆటోకి 400. మర్నాడు పొద్దున్నే కోట పక్కనున్న ఘాట్‌కి వెళ్ళాం. మెట్లు దిగకముందే ఒకతను ఎదురొచ్చాడు. సంగమానికి తీసుకెళ్ళి తీసుకొస్తా, 1,200 అన్నాడు. "పూరీ నావ్?" (మొత్తం పడవకా?) అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ తలూపాడు. మా ఆవిడ హైదరాబాద్ హిందీలో మూడోసారి అడిగింది. దానికీ తలూపాడు.

పడవ యమునలో కదిలాక నిజంగా బాగుంది. చలికాలంలో అక్కడికి తెల్లటి వలస పక్షులు వందల్లో వస్తాయి. 20 రూపాయల సేవ్ పొట్లం కొని చల్లితే పడవ చుట్టూ మూగి ఒకటే గోల. అత్తమ్మ చిన్నపిల్లలా ఇంకో పొట్లం అడిగింది. పచ్చటి యమున, మట్టిరంగు గంగ కలిసే గీత కనిపిస్తుండగా పడవాయన తెడ్డు పైకెత్తి చెప్పాడు, 1,200 అంటే మనిషికట. అంటే 4,800. చుట్టూ నీళ్ళు. దిగి పోలేం. నేను గొంతు పెంచాను, అతను పడవ ఆపేశాడు. పది నిమిషాలు అలా ఊగుతూ కూర్చున్నాం. "నది మీద గొడవెందుకు బాబూ, ఇచ్చెయ్" అన్నారు మామయ్య. 3,000కి తెగింది.

సంగమం దగ్గర పడవల మధ్య చెక్కల వేదికలు కట్టి ఉంటాయి. నడుం లోతు నీళ్ళలో స్నానం, పైన పూజ. కొబ్బరికాయ ఒక్కటి 100. మేం నీళ్ళలో వదిలిన కాయను అటు పక్క పడవలోని కుర్రాడు ఒడుపుగా అందుకుని మళ్ళీ బుట్టలో వేసుకోవడం నా కళ్ళతో చూశాను. ఆ రోజు అది ఎన్నోసారి గంగలో మునిగిందో!

అసలు దెబ్బ సంకల్పంలో తగిలింది. దక్షిణ ఎంత అని ముందే అడిగితే, పూజ చేయించే పండా "మీ శ్రద్ధ" అన్నాడు. ఆ మాట వింటే వెంటనే లేచిపోవాలని నాకిప్పుడు తెలుసు. దోసిట్లో నీళ్ళు పోసి గోత్రం, పేరు, త్రివేణీ సంగమే అంటూ చెప్పిస్తున్నాడు. మామయ్య కళ్ళు మూసుకుని ఒక్కో మాటా పలుకుతున్నారు. అదే రాగంలో, ఊపిరి కూడా తీసుకోకుండా, "ఇక్యావన్ సౌ రూపయా దక్షిణా" అని కలిపేశాడు. మామయ్య అదీ అనేశారు! నేను మోచేత్తో పొడిచేలోగా నీళ్ళు వదిలేశారు. బతిమాలినా వినలేదు. "చేతిలో నీళ్ళు పెట్టుకుని నోటితో అన్నాను బాబూ. ఇవ్వకపోతే ఎట్లా?" లుంగీ ముడిలోంచి 5,100 తీసి లెక్కపెట్టి ఇచ్చారు. నమ్మకం లేని నాలాంటి వాడి దగ్గర ఈ విద్య పారదు. నమ్మకం ఉన్నవాళ్ళనే పట్టుకుంటుంది, నా కడుపుమంట అదే. మా వంతు వచ్చినప్పుడు నేను అతని కంటే గట్టిగా "గ్యారా సౌ" అని అరిచాను. మా ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

అయితే ఆ వేణీదానం మాత్రం మరిచిపోలేను. భర్త భార్యకు జడ వేసి, చివర కత్తిరించి సంగమంలో వదలాలి. మామయ్యకు జడ వేయడం ఎక్కడొచ్చు? మూడు పాయలు పట్టుకుని ఏది దేని మీదకు వేయాలో తెలియక నన్ను చూశారు. "యాభై ఏళ్ళలో ఒక్కసారైనా దువ్వెన పట్టుకుంటే కదా" అని అత్తమ్మ వెనక్కి తిరక్కుండానే నవ్వింది. ఉన్నవే నాలుగు తెల్ల వెంట్రుకలు. ఎలాగో మూడు మలుపులు తిప్పారు. కత్తిరించిన ముక్క నీళ్ళలో వేయగానే మునిగింది. అక్కడ మునగాలనే అంటారు.

లెక్క చెప్తాను. పడవ 3,000, దక్షిణలు 5,100, 1,100, రెండు కొబ్బరికాయలు 200, పక్షుల సేవ్ 40. మొత్తం 9,440, రెండు గంటల్లో. వెళ్ళేవాళ్ళు పడవ రేటు ఫోన్‌లో అంకెలు కొట్టి చూపించి, అది మొత్తం పడవకేనని ఒప్పించుకుని ఎక్కండి. దోసిట్లో నీళ్ళు పోయించుకునే ముందే దక్షిణ తేల్చుకోండి.

కాశీలో నాలుగు రాత్రులు, ఏ గొడవా లేదు. కేదార ఘాట్, మానస సరోవర ఘాట్ వైపు దిగితే సగం ఊరు తెలుగే మాట్లాడుతుంది. లాడ్జి గది రోజుకు 1,400, మధ్యాహ్నం సత్రంలో పప్పు, చారు. విశ్వనాథుడి గుడిలోకి ఫోన్లు రానివ్వరు. దుకాణాల వాళ్ళు లాకర్ ఫ్రీ అంటూ ప్రసాదం బుట్ట అంటగడతారు. ఫోన్ గదిలోనే వదిలి వెళ్ళండి. పొద్దున పూట మట్టి ముంతలో పోసే మలైయో మాత్రం వదలొద్దు. చలికాలంలోనే దొరికే కుంకుమపువ్వు పాలనురగ. నోట్లో పెట్టుకుంటే ఉండదు. మామయ్య తీపి తినకూడదు, రెండు తిన్నారు.

చివరికి గయ. కాశీ నుంచి కారు, రానూ పోనూ 9,000. ఫల్గు నదిలో నీళ్ళుండవని సీతమ్మ శాపం కథ వింటూ పెరిగాం కదా, 2022లో రబ్బర్ డ్యామ్ కట్టాక విష్ణుపాదం గుడి దగ్గర నీళ్ళు నిలుస్తున్నాయి. పిండాలు అయ్యాక అక్షయవటం కింద పండా "సుఫలం", అంటే చేసిన కర్మ ఫలించిందని, చెప్పాలి. అప్పుడే అడుగుతారు, ఎంత ఇస్తావని. ఇక్కడ ఇంకో ప్రయాగ జరుగుతుందని నా గుండె దడదడ. పండా మామయ్య రెండు చేతులూ పట్టుకుని హిందీలో ఏదో పెద్ద అంకె చెప్పాడు. మామయ్య అతని ముఖంలోకి ప్రశాంతంగా చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ చెప్పాడు. మూడోసారి అరిచాడు. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. మామయ్య తన చెవి వైపు వేలు చూపించి, తల అడ్డంగా ఊపి, మడత పెట్టి సిద్ధంగా ఉంచుకున్న 501 అతని చేతిలో పెట్టారు. పండా కాసేపు చూసి సుఫలం అన్నాడు.

మెట్లు దిగుతుంటే మామయ్య జేబులోంచి మిషన్ తీసి చెవికి పెట్టుకుని, "ఇంతకీ ఎంత అడిగాడు బాబూ?" అన్నారు.