పాత స్నీకర్లకు ఇంటి వైద్యం: ఏళ్ల తరబడి వాడాక నా లెక్క

స్నీకర్లు శుభ్రం చేయడానికని నేను కొన్న సరంజామాలో ఇప్పటికీ రోజూ చేతికి అందే చోట ఉన్నవి నాలుగే: గుర్రపు వెంట్రుకల మెత్తని బ్రష్, ఘాటు లేని నురగ సబ్బు, మైక్రోఫైబర్ గుడ్డలు, స్వెడ్ (నూగు ఉన్న మెత్తని తోలు) రుద్దే రబ్బరు. తోలు రంగుల సీసాలు అవసరం పడ్డప్పుడు దిగుతాయి. రబ్బరు అడుగుకు పట్టిన పసుపు రంగు పోగొట్టే పెరాక్సైడ్ క్రీమ్ మాత్రం అర వెనక్కి వెళ్లిపోయింది, ఇక ముందుకు రాదనే అనుకుంటున్నాను. ఈ లెక్క ఎందుకిలా తేలిందో చెప్పడానికే ఇదంతా.

నా దగ్గరున్నవి ఎక్కువగా ఎనభైల, తొంభైల నాటి డిజైన్లు, వాటికి తర్వాత వచ్చిన రెట్రోలు, అంటే కంపెనీయే మళ్లీ తయారుచేసి విడుదల చేసిన పాత మోడళ్లు: నైకీ వారి ఎయిర్ జోర్డాన్ 3, 4, 5, 11, ఎయిర్ మ్యాక్స్ 1. వీటికి తోడు అంతకన్నా పాత డిజైన్లయిన అడిడాస్ సూపర్‌స్టార్, పూమా స్వెడ్. బీరువాలో పెట్టి చూసి మురిసిపోయే రకం కాదు నేను, వేసుకుని తిరుగుతాను. అందుకే మట్టి, మడతలు, పసుపు, ఊడిన జిగురు అన్నీ నా చేతుల మీదుగా పోయాయి.

బ్రష్‌ల దగ్గర మొదలుపెడతాను. కిట్లలో సాధారణంగా మూడు వస్తాయి: అడుగుకు గట్టి నైలాన్‌ది, పక్క రబ్బరుకు మధ్యరకం, పై భాగానికి మెత్తనిది. గట్టిదీ మధ్యరకమూ ఏ కంపెనీవైనా ఒకటే, వాటి మీద ఎక్కువ డబ్బు తగలేయక్కర్లేదు. మెత్తని దాని దగ్గర మాత్రం పొదుపు పనికిరాదు. గుర్రపు వెంట్రుకలని రాసి నైలాన్ అంటగట్టేవీ ఉంటాయి. వాటితో రుద్దితే మెత్తని తోలు మీద సన్నని గీతలు పడి, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే కనిపిస్తాయి. అసలైన బ్రష్ అయితే పొడిగా ఉన్నప్పుడే సగం పని చేసేస్తుంది. తడి చేయకముందు దుమ్మంతా దులపాలి. దులపకుండా నీళ్లు తగిలిస్తే ఆ దుమ్మే బురదై కుట్ల సందుల్లోకి దిగుతుంది.

సబ్బు విషయంలో నా అభిప్రాయం కిట్లు అమ్మేవాళ్లకు నచ్చకపోవచ్చు. స్నీకర్ల కోసమని ప్రత్యేకంగా చేసిన ద్రావణాలు బాగానే పనిచేస్తాయి, కానీ నీళ్లలో బాగా కలిపిన సాధారణ గిన్నెల సబ్బుకూ వాటికీ మామూలు తోలు మీద నాకు తేడా కనిపించలేదు. తేడా తెలిసేది నిట్ అల్లిక మీద, లేత రంగు మెష్ మీద. అక్కడ నురగ ఎక్కువ, తడి తక్కువ ఉండాలి. ప్రత్యేక ద్రావణానికి పెట్టే డబ్బు గిట్టేది అక్కడే. ఏ సబ్బైనా నురగ ఆరకముందే గుడ్డతో తుడిచేయాలి. ఆరనిస్తే పైకి లేచిన మురికి మళ్లీ అక్కడే కూర్చుని అంచు గీత కడుతుంది. తెల్ల కాన్వాస్, తెల్ల మెష్ ఆరేటప్పుడు పైన తెల్లని టిష్యూ కాగితం అతికించినట్టు కప్పండి. తడితో పాటు పైకొచ్చే పసుపు మరక బట్టకు కాకుండా కాగితానికి అంటుకుంటుంది. ఇంత చవకైన ఉపాయం ఈ మొత్తం వ్యవహారంలో ఇంకోటి లేదు.

వాషింగ్ మెషిన్ జోలికి నేను పోను. లేసులు మాత్రం వేస్తాను, ఆక్సిజన్ బ్లీచ్ పొడి కలిపి. క్లోరిన్ బ్లీచ్ వద్దు, అది సింథటిక్ దారాన్ని తెల్లబరచకపోగా పసుపెక్కిస్తుంది.

మెలమైన్ స్పాంజ్‌ను మాయా స్పాంజ్ అని పొగిడేవాళ్లు చాలామంది. నిజానికి అది అతి సన్నని గరుకు కాగితమే, మురికితో పాటు పైపొరనూ గీకేస్తుంది. సూపర్‌స్టార్ ముందుండే రబ్బరు చిప్ప మీద, పక్క రబ్బరు మీద నిశ్చింతగా వాడొచ్చు, ఒక్క తుడుపుతో నల్ల గీతలు పోతాయి. కానీ జోర్డాన్ 3, 4లలో పై భాగానికీ కింది రబ్బరుకూ మధ్య ఉండే ఫోమ్ పొరకు, అంటే మిడ్‌సోల్‌కు, పైన రంగు పూత ఉంటుంది. అక్కడ ఈ స్పాంజ్ వాడితే మొదట శుభ్రమైనట్టే ఉండి, తర్వాత పూత లేచిపోయి కింది ఫోమ్ బయటపడుతుంది. జోర్డాన్ 11 పేటెంట్ లెదర్ మీద అసలు పెట్టొద్దు, ఆ అద్దపు మెరుపు మసకబారితే మళ్లీ రాదు. దానికి తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. అంతకు మించి ఏమీ వద్దు.

స్వెడ్ గురించి భయపెట్టే మాటలు చాలా వినిపిస్తాయి. నా అనుభవంలో స్వెడ్ ఓపిక ఉన్నవాళ్ల పదార్థం. పొడి బ్రష్‌తో ఒకే వైపుకు దువ్వడం, జిడ్డు కట్టిన చోట రబ్బరుతో రుద్దడం, పడుకున్న నూగును కెటిల్ ఆవిరి మీద దూరంగా పట్టి లేపడం. తొంభై శాతం మరకలకు ఇవి చాలు. నీటి చుక్కల మచ్చ పడితే ఆ మచ్చనొక్కదాన్నే తుడవకండి. ఆ భాగమంతా ఒకే మోతాదులో చెమ్మ చేసి సమంగా ఆరనిస్తే మచ్చ అంచు కనిపించకుండా పోతుంది. నూనె మరకకు మాత్రం నా దగ్గర మందు లేదు. టాల్కం పౌడర్ కొంత పీలుస్తుంది, మిగతాది అలాగే ఉంటుంది.

ఇక పెరాక్సైడ్. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడాలి, ఎందుకంటే ఇంటి పునరుద్ధరణ అనగానే అందరూ పరుగెత్తేది దీని వెనకే.

జోర్డాన్ వరుసలో అడుగున పారదర్శక రబ్బరు మొదట వచ్చింది 1990 నాటి జోర్డాన్ 5కి. 1995లో వచ్చిన 11తో ఆ మంచు రంగు అడుగుకు జనం వెర్రెక్కిపోయారు. ఆ రబ్బరు పసుపెక్కుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఒక కారణం, గాలిలోని ఆక్సిజన్ ఇంకో కారణం. కాబట్టి డబ్బా మూత తీయకుండా చీకట్లో దాచినా పసుపు ఆగదు, ఆలస్యమవుతుంది, అంతే. జుట్టుకు రంగు వేసేటప్పుడు వాడే డెవలపర్ క్రీమ్‌లో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడే. 40 వాల్యూమ్ అంటే సుమారు 12 శాతం, 30 అంటే 9, 20 అంటే 6. పద్ధతి అందరికీ తెలిసిందే: అడుగు తప్ప మిగతా భాగానికి టేప్ వేయాలి, క్రీమ్ మందంగా పూయాలి, పలచని ప్లాస్టిక్ చుట్టాలి, ఎండలోనో యూవీ దీపం కిందో పెట్టాలి, మధ్యమధ్య తిప్పాలి, ఆరకముందే మళ్లీ పూయాలి.

పనిచేస్తుందా? చేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు గారడీలా ఉంటుంది. ఇబ్బంది ఆ తర్వాతే. ప్లాస్టిక్ కింద గాలి బుడగ చిక్కిన చోట, క్రీమ్ ఎండిపోయిన చోట చారలు పడతాయి. వాటిని పోగొట్టాలంటే మొత్తం పని మళ్లీ మొదటి నుంచి. రబ్బరు లోతుల్లోకి పోయిన పసుపు పోదు, పైపైన తెల్లబడి లోపల మాత్రం లేత టీ రంగు మిగులుతుంది. నా జతల్లో తెల్లదనం కొన్ని నెలలే నిలిచింది. మళ్లీ వచ్చిన పసుపు మునుపటికన్నా ముదురుగా వచ్చింది, పైగా రబ్బరు నునుపు తగ్గి సుద్ద పూసినట్టు అయింది. ఎండ వేడికి అంచు జిగురు వదలడం అదనపు బహుమానం. అందుకే ఇంకా చేసి తీరాలనుకుంటే ఎండ కన్నా యూవీ ఎల్ఈడీ పట్టీ అంటించిన రేకు డబ్బా మేలు. 40 కన్నా 30 వాల్యూమ్ మేలు, నెమ్మదిగానైనా సమంగా తెల్లబడుతుంది. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి, 12 శాతం పెరాక్సైడ్ చర్మాన్ని తెల్లగా కాల్చి మంట పెడుతుంది.

నేను మానేయడానికి అసలు కారణం వేరే ఉంది. ముప్పై ఏళ్ల డిజైన్ మీద సన్నని పసుపు నా కంటికి ఇప్పుడు లోపంగా అనిపించడం లేదు. కొత్త రెట్రోలకు కంపెనీలే కావాలని మీగడ రంగు పూసి అమ్ముతున్నాయి. మనం ఒక పక్క గీకుతుంటే వాళ్లు ఇంకో పక్క పూస్తున్నారన్నమాట.

తోలు రంగుల మీద మాత్రం నాకు నమ్మకం పెరిగింది. 1907 నుంచి ఉన్న ఏంజెలస్ కంపెనీ యాక్రిలిక్ రంగులు నేను ఎక్కువగా వాడతాను. ముందు ఫ్యాక్టరీ పూతను డీగ్లేజర్‌తోనో అసిటోన్‌తోనో తుడవాలి, తర్వాత నీళ్లలా పలచని పూతలు, ప్రతి పూతా ఆరాకే తర్వాతది, చివర మ్యాట్ ఫినిషర్, అంటే మెరుపు లేని రక్షణ పూత. రంగు పగిలిందని ఎవరైనా అంటే సాధారణంగా ఈ వరుసలో మొదటిదో రెండోదో తప్పించి ఉంటారు. బూటు మడత పడే చోట మందంగా పూస్తే ఎంత మంచి రంగైనా చీలుతుంది. సీసాలోని అచ్చ తెలుపును అలాగే పూయకండి, పాత బూటు మీద అది దెబ్బకు వేసిన కట్టులా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. చిటికెడు గోధుమ రంగు, అంతకన్నా తక్కువ పసుపు కలిపి, మూల చోట పూసి ఆరాక చూసుకోవాలి. యాక్రిలిక్ రంగు తడిలో ఒకలా, ఆరాక కాస్త ముదురుగా ఉంటుంది.

అసిటోన్ ఎక్కడ పెట్టకూడదో తెలిసి ఉండాలి. జోర్డాన్ 3 మడమ మీద ఏనుగు చర్మం గీతలు అచ్చు వేసినవి, దూదితో నాలుగుసార్లు తుడిస్తే పోతాయి. జోర్డాన్ 4 పక్కల ఉండే ప్లాస్టిక్ రెక్కల మీద పడితే మెరుపు పోయి ఉపరితలం మెత్తబడుతుంది. పేటెంట్ లెదర్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

మడతలు తీయడానికి తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టడం అసలు తోలు మీద కొంత పనిచేస్తుంది, మళ్లీ వేసుకున్న మొదటి రోజే సగం తిరిగొస్తుంది. కృత్రిమ తోలు మీద ఇస్త్రీ వద్దు. మడత పడకుండా లోపల పెట్టే ప్లాస్టిక్ కవచాలు బొటనవేలి పైభాగాన్ని ఒరుస్తాయి, తీసి పక్కన పెట్టాను.

ఇంత శుభ్రత చేసినా చేతిలో లేనిది ఒకటుంది, సేకరించేవాళ్లు ముందు దానికే భయపడాలి. 1988 జోర్డాన్ 3, 1989 జోర్డాన్ 4, 1987 ఎయిర్ మ్యాక్స్ 1 మిడ్‌సోళ్లు పాలీయురెథేన్ ఫోమ్. గాలిలో ఉండే చెమ్మ ఆ ఫోమ్‌లోని రసాయన బంధాలను నెమ్మదిగా తెంపుతుంది. దీన్నే హైడ్రాలసిస్ అంటారు. పాలిస్టర్ రకం పాలీయురెథేన్‌లో ఈ ప్రక్రియలో ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగిలిన బంధాల పతనాన్ని ఇంకా వేగం చేస్తుంది. అంటే ఒకసారి మొదలైతే తనను తానే తినేసుకుంటుంది. పైన తోలు నిగనిగలాడుతుంటుంది, రెండడుగులు వేయగానే అడుగు బిస్కెట్‌లా పొడి పొడిగా రాలుతుంది. 1985 నాటి జోర్డాన్ 1 మాత్రం రబ్బరు కప్ అడుగు కాబట్టి ఇంకా వేసుకోదగ్గ స్థితిలో కనిపిస్తుంటుంది. వయసులో పెద్దది, కానీ ఒళ్లు గట్టిది.

పాత పాలీయురెథేన్ జత కొనేముందు మిడ్‌సోల్‌ను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. వేలిముద్ర తిరిగి లేవకపోయినా, జిగటగా తగిలినా, రంగు పూతలో వెంట్రుక మందం పగుళ్లున్నా అది చూసుకోవడానికే తప్ప నడవడానికి పనికిరాదు. నిల్వ విషయంలో గాలి చొరని ప్లాస్టిక్ సంచుల మీద నాకు నమ్మకం పోయింది. చెమ్మ లోపలే చిక్కుకుంటే పుట్టిన ఆమ్లానికి బయటికి పోయే దారి ఉండదు. సిలికా జెల్ పొట్లాలు గుప్పెడేసి పడేయడమూ సరికాదు, అతిగా ఎండితే తోలు బిగుసుకుంటుంది. డబ్బాకు చిన్న పొట్లం ఒకటి, మూతలో గాలి రంధ్రం, అప్పుడప్పుడూ వేసుకుని నడవడం. నా దగ్గర వేసుకున్న జతలే దాచినవాటికన్నా బాగా నిలిచాయి.

పోయిన అడుగుకు మందు అడుగు మార్చడమే. అదే మోడల్ కొత్త రెట్రో నుంచి అడుగు తీసి పాత పై భాగానికి అతికిస్తారు. పాత జిగురునూ రాలిన ఫోమ్‌నూ పూర్తిగా గీకాలి, రెండు వైపులా కాంటాక్ట్ సిమెంట్ అనే జిగురు పూసి వేలికి అంటీ అంటనట్టు అయ్యేదాకా ఆగాలి, అప్పుడు తాకించాలి. తాకిన చోటల్లా పట్టేస్తుంది, సరిచేసుకునే అవకాశం ఉండదు. అందుకే ముందు పొడిగా నాలుగుసార్లు అమర్చి చూసుకుని, మడమ దగ్గరా ముందూ పెన్సిల్ గుర్తులు పెట్టుకుంటాను. ఫలితం నాకు నచ్చింది, ఆ జతలతో నడుస్తున్నాను. అయితే ఆ జత ఇక అసలు జత కాదు. అమ్మేటప్పుడు అడుగు మార్చిన సంగతి, రంగు వేసిన సంగతి చెప్పి తీరాలి. నేను పాత అడుగు ముక్కలను కూడా అదే డబ్బాలో కవర్‌లో పెట్టి ఇస్తాను.

జిగురు కొనేటప్పుడు పెద్ద డబ్బా జోలికి పోకండి. మూత తెరిచాక ద్రావకం ఎగిరిపోయి గట్టిపడుతుంది, రెండో జత చేతికొచ్చేసరికి పనికిరాదు. చిన్న ట్యూబులు చాలు. పని మాత్రం కిటికీ తెరిచి చేయండి, ఆ వాసన తలనొప్పి తెస్తుంది.