టెక్సాస్, కాలిఫోర్నియా, న్యూయార్క్: మన బీఆర్క్‌తో మొదటి లైసెన్సుకు ఏది మేలు?

మన దేశంలో ఆర్కిటెక్టులందరికీ ఒకటే రిజిస్టరు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఇచ్చే ‘సీఏ’ నంబరు చేతికొచ్చిందంటే విజయవాడలోనూ సంతకం చెల్లుతుంది, గువాహటిలోనూ చెల్లుతుంది. అమెరికాలో దేశం మొత్తానికి లైసెన్సు ఇచ్చే ఆఫీసంటూ లేదు. 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, ప్యూర్టోరికో, గువామ్ లాంటి మరో నాలుగు ప్రాంతాలు, మొత్తం 55 చోట్ల ఎవరి చట్టం వారిది. 1897లో ఇల్లినాయ్‌తో మొదలైన పద్ధతి ఇది. ఈ బోర్డులన్నీ కలిసి 1919లో ఎన్‌కార్బ్ అనే సంఘం పెట్టుకున్నాయి. పరీక్ష పెట్టేది, అనుభవం లెక్క రాసుకునేది ఎన్‌కార్బే. లైసెన్సు ఇచ్చేది, తీసేసేది మాత్రం రాష్ట్రమే.

ఇంకో తేడా కూడా ఉంది. మన చట్టం ‘ఆర్కిటెక్ట్’ అనే పేరును కాపాడుతుందే తప్ప, ఆ పనిని ఇతరులు చేయకుండా ఆపదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు తేల్చింది. అమెరికా బోర్డులు పేరుతో పాటు పనికీ కంచె వేస్తాయి.

‘ఏ రాష్ట్రంలో తేలిగ్గా వస్తుంది?’ అని చాలామంది అడుగుతుంటారు. అంతకంటే ముందు చూసుకోవాల్సింది మీ డిగ్రీని. ఆ తర్వాత మీరు గీసే భవనాలు ఏ రాష్ట్రంలో లేస్తున్నాయో చూడాలి, ఎందుకంటే లైసెన్సు మీ ఇంటి అడ్రసును కాదు, భవనం ఉన్న చోటును చూస్తుంది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఇల్లుండి మన్‌హాటన్ ప్రాజెక్టులు చేసేవారికి కావాల్సింది న్యూయార్క్ లైసెన్సు. ఏ బోర్డు మెతక, ఏది కఠినం అన్నది ఆ తర్వాతి మాట.

డిగ్రీ దగ్గరే సగం తేలిపోతుంది

అమెరికాలో ఆర్కిటెక్చర్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే సంస్థ నాబ్. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, విజయవాడ ఎస్పీఏ, ఆంధ్రా యూనివర్సిటీ, వీటిలో దేని బీఆర్క్‌కూ నాబ్ గుర్తింపు లేదు. ఇక్కడే చేసిన ఎంఆర్క్‌కూ లేదు. గల్ఫ్‌లో పెరిగిన మన పిల్లల్లో అమెరికన్ యూనివర్సిటీ ఆఫ్ షార్జాలో బీఆర్క్ చదివినవారికి ఈ బెడద లేదు. ఆ కోర్సుకు నాబ్ గుర్తింపు ఉంది.

అందుకే చాలామంది అమెరికాలో మాస్టర్స్‌కు వెళ్తారు. పెద్ద పొరపాటు జరిగేదీ అక్కడే. ఐదేళ్ల బీఆర్క్ ఉన్నవారిని యూనివర్సిటీలు తరచూ ఏడాది, ఏడాదిన్నరలో ముగిసే ఎంఎస్ ఆర్కిటెక్చర్‌లోనో, ‘పోస్ట్-ప్రొఫెషనల్’ ఎంఆర్క్‌లోనో చేర్చుకుంటాయి. ఫీజు తక్కువ, సమయం తక్కువ. కానీ ఆ కోర్సులకు నాబ్ గుర్తింపు ఉండదు. అదే కాలేజీలో, అదే స్టూడియోలో, పక్క టేబుల్ మీద రెండేళ్ల ప్రొఫెషనల్ ఎంఆర్క్ చేస్తున్నవాడికి ఉంటుంది. పట్టా మీద రెండింటికీ ‘మాస్టర్ ఆఫ్ ఆర్కిటెక్చర్’ అనే ఉండొచ్చు. కాలేజీ పేరు చూసి మోసపోకండి. నాబ్ జాబితాలో మీ కోర్సు ట్రాక్ పేరు ఉందో లేదో అడ్మిషన్ లెటర్ పక్కన పెట్టుకుని సరిచూసుకోండి.

దాంతో పాటు కోర్సు కోడ్ కూడా చూడండి. 04.0902 కోడ్ కింద నడిచే కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ కోర్సుల జాబితా) కిందికి వస్తుంది. అంటే చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసుకోనిచ్చే 12 నెలల ఓపీటీ మీద మరో 24 నెలలు దొరుకుతాయి. మామూలు 04.0201 అయితే 12 నెలలతో సరి. ఇది వీసా సంగతిగా కనిపిస్తుంది గానీ లైసెన్సుకూ దీనితో పనుంది. లైసెన్సుకు కావాల్సిన అనుభవం, అంటే ఏఎక్స్‌పీ, 3,740 గంటలు. వారానికి 40 గంటల చొప్పున 52 వారాలు పనిచేసినా 2,080 గంటలే అవుతాయి. ఒక్క ఏడాది ఓపీటీలో లెక్క పూర్తికాదు.

ఏ రాష్ట్రానికైనా తప్పనివి

ఆ 3,740 గంటలు ఆరు ఖానాల్లో నిండాలి: ప్రాక్టీస్ మేనేజ్‌మెంట్ 160, ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ 360, ప్రోగ్రామింగ్ అండ్ అనాలిసిస్ 260, ప్లానింగ్ అండ్ డిజైన్ 1,080, డెవలప్‌మెంట్ అండ్ డాక్యుమెంటేషన్ 1,520, కన్‌స్ట్రక్షన్ అండ్ ఎవాల్యుయేషన్ 360. పెద్ద ఆఫీసులో చేరినవారికి డ్రాయింగులు గీసే రెవిట్ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోబెట్టినంత కాలం 1,520 ఇట్టే నిండుతుంది. ఆగిపోయేది చివరి 360 దగ్గర. సైటుకు పంపరు, కాంట్రాక్టర్ రాతపూర్వకంగా అడిగే సందేహాలకు (ఆర్‌ఎఫ్‌ఐలకు) జవాబు రాయనివ్వరు. చేరిన ఆరు నెలలకే సూపర్‌వైజర్‌తో ఈ మాట తేల్చుకోవాలి. మూడో ఏట అడిగితే ఆ 360 నింపుకునే వ్యవధి మిగలదు.

మొత్తంలో కనీసం 1,860 గంటలు అమెరికా లేదా కెనడా లైసెన్సు ఉన్న ఆర్కిటెక్ట్ కింద చేసినవి కావాలి. హైదరాబాద్‌లో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉన్న ఆర్కిటెక్ట్ దగ్గర చేసిన పనినీ మిగతా భాగంలో రాసుకోవచ్చు. అయితే పని చేసిన ఎనిమిది నెలల్లోపు నమోదు చేస్తేనే పూర్తి గంటలు. ఆలస్యమైతే సగమే, ఐదేళ్లు దాటితే ఆ లెక్కలోకే రావు. కాబట్టి అమెరికా ఆలోచన ఉన్నవారు ఎన్‌కార్బ్ రికార్డు జూబ్లీహిల్స్ ఆఫీసులో ఉండగానే తెరవాలి, విమానం ఎక్కాక కాదు.

పరీక్ష పేరు ఏఆర్‌ఈ 5.0, ఆరు భాగాలు. ఒకటి తప్పితే 60 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు, ఒకే భాగాన్ని 12 నెలల్లో మూడుసార్లకు మించి కుదరదు. పాసైన భాగాలు ఐదేళ్లకు చెల్లకుండా పోయే పాత పద్ధతిని 2023లో తీసేశారు. ఉద్యోగం, పిల్లల మధ్య తీరిక చేసుకుని రాసేవారికి ఇది పెద్ద ఊరట.

టెక్సాస్

1937 మార్చిలో న్యూ లండన్ అనే ఊళ్లో గ్యాస్ లీకై బడి పేలిపోయింది, సుమారు 300 మంది, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. ఆ ఏడాదే టెక్సాస్ బోర్డు పుట్టింది. ఈ బోర్డు డిగ్రీ విషయంలో పట్టు విడవదు: నాబ్ డిగ్రీ ఉండాలి, లేదా దానికి సమానమని ఈసా (విదేశీ ఆర్కిటెక్చర్ డిగ్రీలను తూచే సేవ) మదింపు తేల్చాలి. నాబ్ ఎంఆర్క్ చేసి డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో పనిచేసేవారికి ఇంతకంటే నేరైన దారి లేదు. డిగ్రీ, ఏఎక్స్‌పీ, ఏఆర్‌ఈ, వేలిముద్రలు, అయిపోయింది. రాష్ట్రం తరఫున విడిగా సబ్జెక్టు పరీక్ష లేదు.

వట్టి మన బీఆర్క్‌తో వస్తే మాత్రం ఈసా గుండా వెళ్లాలి. మన డిజైన్, స్ట్రక్చర్స్ సబ్జెక్టులకు సాధారణంగా ఇబ్బంది రాదు. లోటు తేలేది జనరల్ ఎడ్యుకేషన్‌లో. మన ఐదేళ్లలో ఆర్కిటెక్చర్ కాని సబ్జెక్టులు, అంటే భాష, హ్యుమానిటీస్, సైన్సు లాంటివి, దాదాపు లేవు. ఆ లోటును కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసులతో పూడ్చుకోవచ్చు. దానికంటే విసిగించేది కాగితాల పని. ట్రాన్స్‌క్రిప్టులు యూనివర్సిటీ నుంచి నేరుగా వెళ్లాలి, ప్రతి సబ్జెక్టుకూ సిలబస్ జతచేయాలి. జేఎన్‌టీయూ విడిపోయి జేఎన్‌ఏఎఫ్‌ఏయూ వచ్చింది 2008లో. దానికి ముందు చేరిన బ్యాచ్‌లవారు పట్టా మీద ఎవరి పేరుందో చూసుకుని ఆ ఎగ్జామ్ బ్రాంచికే వెళ్లాలి. సిలబస్ కూడా మీ బ్యాచ్ రెగ్యులేషన్‌దే ఇవ్వాలి. వెబ్‌సైటులో కనిపించే కొత్త సిలబస్ పంపితే మార్కుల మెమోలోని సబ్జెక్టు పేర్లతో కలవక ఫైలు వెనక్కొస్తుంది.

లైసెన్సు వచ్చాక ఏటా 12 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ ఉంటుంది. అందులో ఒక గంట వికలాంగుల సౌకర్యాల మీద, ఒక గంట ఇంధన పొదుపు లేదా సస్టైనబుల్ డిజైన్ మీద. 50,000 డాలర్లు, ఆపైన ఖర్చయ్యే వాణిజ్య, ప్రభుత్వ భవనాలను యాక్సెసిబిలిటీ (వికలాంగుల సౌకర్యాల) తనిఖీకి రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ టీడీఎల్ఆర్‌లో నమోదు చేయాలి. కొత్తగా ముద్ర చేతికొచ్చినవారు మరిచిపోయేది దీన్నే. రెండంతస్తులు, 20,000 చదరపు అడుగులు దాటని ప్రైవేటు వాణిజ్య భవనానికి టెక్సాస్ చట్టం ఆర్కిటెక్ట్‌ను తప్పనిసరి చేయలేదు. ఫ్రిస్కోలో మనవాళ్లు కట్టే చిన్న షాపింగ్ స్ట్రిప్‌లు చాలావరకు ఈ కొలతలోనే ఇమిడిపోతాయి. సొంత ప్రాక్టీసు ఆశతో లైసెన్సు తీసుకునేవారు ఈ సంగతి కూడా లెక్కేసుకోవాలి.

కాలిఫోర్నియా

1901 నుంచీ ఉన్న ఈ బోర్డుది వేరే తీరు. నాబ్ డిగ్రీయే కావాలని అనదు, ఎనిమిదేళ్ల చదువు-అనుభవం లెక్క అడుగుతుంది. నాబ్ డిగ్రీకి ఐదేళ్ల క్రెడిట్. గుర్తింపు లేని ఐదేళ్ల ప్రొఫెషనల్ డిగ్రీకి గరిష్ఠంగా నాలుగేళ్లు. విదేశీ డిగ్రీని మదింపు సంస్థ చూసి చెప్పాలి, ఆ సంస్థ ఈసాయే కానక్కర్లేదు. ఏఆర్‌ఈ మొదలుపెట్టడానికి ఐదేళ్లు చాలు. అంటే మన బీఆర్క్‌కు నాలుగేళ్లు వచ్చాయనుకుంటే, పైన ఏడాది అనుభవంతో పరీక్ష గదిలోకి వెళ్లొచ్చు. పెళ్లయి హెచ్4 (హెచ్1బీ ఉద్యోగి భార్య లేదా భర్తకిచ్చే వీసా) మీద వచ్చి, పని అనుమతి కార్డు ఈఏడీ చేతికొచ్చాక ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో ఆఫీసులో చేరినవారికి ఇది నిజంగా తెరిచిన తలుపు. మళ్లీ రెండేళ్లు, లక్ష డాలర్ల ఎంఆర్క్ అక్కర్లేదు.

దానికి తగ్గ బరువు ఇంకోచోట మోయాలి. ఏఆర్‌ఈ ఆరూ అయ్యాక కాలిఫోర్నియా సప్లిమెంటల్ ఎగ్జామినేషన్ అని మరొకటి ఉంది. వేరే రాష్ట్రంలో ఇరవై ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నవాడికీ ఇది తప్పదు. భూకంపాలు, కోస్టల్ కమిషన్, పర్యావరణ చట్టం, బడులకు డివిజన్ ఆఫ్ ది స్టేట్ ఆర్కిటెక్ట్ అనుమతులు, ఇలా ఆ రాష్ట్రానికే ప్రత్యేకమైన సంగతులు అడుగుతారు. ఏఆర్‌ఈ నోట్సు తిరగేస్తే ఇది గట్టెక్కదు. ఏ అనుమతి ఏ ఏజెన్సీ ఇస్తుంది, దేని తర్వాత ఏది అన్నది పట్టిక రాసుకుని చదవాలి.

రెన్యూవల్ మాత్రం తేలిక: రెండేళ్లకోసారి, బేసి సంవత్సరంలో, మీ పుట్టిన నెల చివరి రోజుకు. ఐదు గంటలు యాక్సెసిబిలిటీ, ఐదు గంటలు జీరో నెట్ కార్బన్ డిజైన్.

న్యూయార్క్

ఇక్కడ లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర విద్యాశాఖ. ఆర్కిటెక్చర్ బోర్డు దానికి సలహా ఇస్తుంది. 12 యూనిట్ల లెక్క, అందులో నాబ్ డిగ్రీకి 9. గుర్తింపు లేని డిగ్రీనీ పరిశీలించి యూనిట్లు ఇస్తారు, తక్కువైంది అనుభవంతో నింపుకోవాలి. కాలిఫోర్నియాలాంటి అదనపు పరీక్ష లేదు. మూడేళ్లకు 36 గంటల చదువు, అందులో 24 ఆరోగ్యం, భద్రత, సంక్షేమం మీద. న్యూయార్క్ నగరంలో లైసెన్సుకు గిరాకీ వేరే. బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్‌లో సొంత సంతకంతో ఫైలు వేయగలిగినవారికి చిన్న రెనొవేషన్ పనులు ఏడాదంతా ఉంటాయి.

మరి ఏది?

నాబ్ డిగ్రీ ఉంటే పని ఉన్న రాష్ట్రమే మేలు, వెతుక్కోనక్కర్లేదు. టెక్సాస్‌లో పనుంటే టెక్సాస్. ఆ మొదటి లైసెన్సు మీద ఎన్‌కార్బ్ సర్టిఫికెట్ తీసుకుంటే మిగతా రాష్ట్రాలు చాలావరకు కాగితాలతోనే తెరుచుకుంటాయి.

నాబ్ డిగ్రీ లేకపోతే కాలిఫోర్నియా లేదా న్యూయార్క్, అదీ మీ ప్రాజెక్టులు అక్కడ ఉంటేనే. ఇలా నాబ్ డిగ్రీ లేకుండా వచ్చిన లైసెన్సు ఉన్నచోట బాగా పనిచేస్తుంది, పొలిమేర దాటితే తడబడుతుంది. భర్తకో భార్యకో ఉద్యోగం మారి డాలస్ వెళ్లాల్సి వస్తే అక్కడి బోర్డు మళ్లీ డిగ్రీ దగ్గరికే వస్తుంది. ఏ మచ్చా లేకుండా మూడేళ్లు లైసెన్సు నడిపాక పోర్ట్‌ఫోలియో చూపి ఎన్‌కార్బ్ సర్టిఫికెట్ తెచ్చుకునే దారి ఉంది. అది తెచ్చుకున్నా డిగ్రీయే కావాలని పట్టుబట్టే రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, మెక్సికో, 2023 నుంచి బ్రిటన్‌తో అమెరికాకు పరస్పర గుర్తింపు ఒప్పందాలున్నాయి. భారత్‌తో లేదు, కౌన్సిల్ నంబరు చూపితే నేరుగా లైసెన్సు రాదు.

నాలుగైదేళ్లలో ఊరు మారే అవకాశం ఉంటే మా ఓటు ఈసాకే. కాలిఫోర్నియాలో ఉన్నా సరే ఒకసారి ఆ కాగితాల నరకం పడండి.

లైసెన్సు చేతికొచ్చేదాకా లింక్డిన్‌లో, విజిటింగ్ కార్డు మీద ‘ఆర్కిటెక్ట్’ అని రాసుకోవద్దు, ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉన్నా సరే. ఏఎక్స్‌పీలో ఉన్నవారు టెక్సాస్‌లో ‘ఆర్కిటెక్చరల్ ఇంటర్న్’ అనుకోవచ్చు. కాలిఫోర్నియాలో ‘ఆర్కిటెక్చరల్ డిజైనర్’ అన్నా చట్టవిరుద్ధమే, ఆ మాటను నిషేధిస్తూ సెక్షన్ 5536లో రాసే ఉంది. ఒట్టి ‘డిజైనర్’ అనో ‘జాబ్ కెప్టెన్’ అనో పెట్టుకోండి. ఎవరైనా ఫిర్యాదు చేసి బోర్డు నోటీసు పంపిందంటే, రేపు మీ లైసెన్సు దరఖాస్తు తెరిచేదీ ఆ బోర్డే.