అయిదు వాట్లు, ఒక తీగ, కళింగపట్నం ఇసుక: క్యూసీఎక్స్ మినీ కొన్నేళ్లు వాడాక

క్యూసీఎక్స్ మినీ అనే అయిదు వాట్ల చిన్న మోర్స్ రేడియో కిట్ మీద సమీక్షలు చాలానే ఉన్నాయి. ఎక్కువ భాగం కిట్ విప్పిన వారంలో రాసినవి. సోల్డరింగ్ ఎలా సాగింది, టీ1 కాయిల్ చుట్టడానికి ఎంతసేపు పట్టింది, గాలిలో మొదటి కాంటాక్ట్ (సంభాషణ) ఎవరితో అయింది, అక్కడితో సరి. నేను దీన్ని కొన్నేళ్లుగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో సరుగుడు తోటల్లోనూ, రిజర్వాయర్ గట్ల మీదా, సముద్రం ఒడ్డునా వాడుతున్నాను. ఇంతకాలానికి తేలింది ఏమిటంటే, ఆరుబయటికి వెళ్తే తక్కువ పవర్ కష్టంలో సగమే తీరుతుంది. మనకి అందరూ వినిపిస్తారు, మనం మాత్రం అందరికీ వినిపించం. ఆ మిగిలిన సగం గురించే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను.

ముందు రేడియో సంగతి తేల్చేస్తాను. అరచేతిలో పట్టే పెట్టె, బరువు పావు కిలో లోపే. చుక్కలు, గీతలతో పంపే మోర్స్ తప్ప మాట పోదు. ఒక్కో సెట్టూ ఒక్క బ్యాండుకే. నా దగ్గర రెండున్నాయి, ఒకటి 40 మీటర్లది, ఇంకోటి 20 మీటర్లది (ఇవి తరంగం పొడవుని బట్టి బ్యాండ్లకి వచ్చిన పేర్లు). సర్ఫేస్ మౌంట్ భాగాలు బోర్డు మీద అతికించే వస్తాయి, మిగతావి మనం సోల్డర్ చేసుకోవాలి. స్పీకర్ ఉండదు, ఇయర్‌ఫోన్లతోనే వినాలి. రిసీవర్ ఫిల్టర్ వెడల్పు 200 హెర్ట్జ్. పక్క స్టేషన్ల గోల చాలావరకు అక్కడే ఆగిపోతుంది. పంపుతున్నప్పుడు చుక్కకీ చుక్కకీ మధ్య కూడా అవతలి శబ్దం చెవిన పడుతుంది కాబట్టి, అవతలాయన మధ్యలో అందుకుంటే వెంటనే తెలుస్తుంది. కొన్నప్పుడు దీన్ని పట్టించుకోలేదు గానీ ఇప్పుడు ఇది లేని సెట్ వాడలేను.

మోర్స్‌ని అక్షరాలుగా మార్చి స్క్రీన్ మీద చూపించే డీకోడర్ కూడా ఉంది. గట్టిగా, తీరుగా వచ్చే సిగ్నల్‌ని బాగానే చదువుతుంది. సిగ్నల్ సన్నబడితే ఏ డీకోడర్ అయినా ఈ, టీ అక్షరాలు వరసగా కుమ్మరిస్తుంది, ఎందుకంటే ఈ అంటే ఒక్క చుక్క, టీ అంటే ఒక్క గీత. ఉరుము చప్పుడు కూడా వాటికి అక్షరమే. ఆ పని చెవికి వదిలేసి దాన్ని ఆపేశాను. పవర్ ఇచ్చేవి మూడు చిన్న బీఎస్170 ట్రాన్సిస్టర్లు. యాంటెన్నా తగిలించకుండా కీ (మోర్స్ కొట్టే మీట) నొక్కితే అవి పోయే ప్రమాదం ఉంది. చవకగానే దొరుకుతాయి, నాలుగు సంచిలో పడేసుకుంటే బెంగ ఉండదు. మిట్టమధ్యాహ్నం ఎండలో స్క్రీన్ చదవాలంటే టోపీ అడ్డుపెట్టుకోవాలి. రేడియో గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఇక అసలు విషయం. శ్రీకాకుళంలో మా డాబా మీద 40 మీటర్ల బ్యాండ్ తీగ కడితే వినిపించేది హోరు. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చవక చార్జర్లు అన్నీ కలిసి నాయిస్‌ని, సిగ్నల్ బలం కొలిచే ఎస్ యూనిట్లలో, ఎస్7 దగ్గర నిలబెడతాయి. అదే తీగ కళింగపట్నం ఇసుకలో కడితే ఎస్2. ఒక్కో ఎస్ యూనిట్ 6 డెసిబెల్స్. అయిదు యూనిట్లంటే 30 డెసిబెల్స్, అంటే వెయ్యి రెట్లు. ఇంత తేడా డబ్బు పెట్టి కొనగలిగింది కాదు. అలాగని తీరమంతా ఇంత నిశ్శబ్దం అనుకోవద్దు. రొయ్యల చెరువులున్న చోట ఏరేటర్ల మోటార్లు, వాటి స్టార్టర్లు, జనరేటర్లు కలిసి బ్యాండంతా గరగరలాడిస్తాయి. చెరువు కనిపిస్తే బండి ఆపకుండా ముందుకే పోతాను.

బాగానే ఉంది. కానీ అవతలి హ్యామ్ (ఔత్సాహిక రేడియో ఆపరేటర్) కూర్చున్నది కోల్‌కతాలోనో బెంగళూరులోనో ఒక అపార్ట్‌మెంట్‌లో. ఆయన చుట్టూ ఆ ఎస్7 హోరు అలాగే ఉంది. ఆయన పంపేది 100 వాట్లు, నేను పంపేది 5. తేడా 13 డెసిబెల్స్, అంటే రెండు ఎస్ యూనిట్ల పైచిలుకు. ఆయన నాకు ఎస్5లో హాయిగా వినిపిస్తున్నాడంటే నేను ఆయనకి ఎస్3లో పడతాను, ఆయన హోరుకి ఎంతో కింద. కొత్తవాళ్లు విసుగెత్తి రేడియో అమ్ముకునేది ఇక్కడే. ఇంత స్పష్టంగా వినిపిస్తున్న మనిషి జవాబెందుకు ఇవ్వడని కీ మీద కోపం, యాంటెన్నా మీద అనుమానం.

అందుకని నాకు ఎస్9 దాటి వినిపించేవాళ్లనే పిలుస్తాను. మిగతావాళ్లని వినడంతో సరిపెట్టుకుంటాను, అదీ బాగానే ఉంటుంది. సీక్యూ (ఎవరైనా జవాబివ్వండని అందరికీ ఇచ్చే పిలుపు) పిలుస్తూ కూర్చోవడం కంటే, సీక్యూ పిలిచేవాళ్లకి జవాబివ్వడంలో ఫలితం ఎక్కువ. క్యూఆర్‌పీ, అంటే తక్కువ పవర్ వాళ్లు కలుసుకునే 7.030, 14.060 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రం నేనూ పిలుస్తాను, అక్కడ చెవులు రిక్కించి వినేవాళ్లు ఉంటారు కాబట్టి. సీక్యూ పిలవడంలో ఇంకో లాభం రివర్స్ బీకన్ నెట్‌వర్క్. ఔత్సాహికులు దేశదేశాల్లో పెట్టిన రిసీవర్లు మోర్స్‌ని వాటంతటవే చదివి, ఏ కాల్ సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) ఎన్ని డెసిబెల్స్‌తో వినిపించిందో ఇంటర్నెట్‌లో పెడుతుంటాయి. ఒడ్డున ఫోన్‌కి డేటా అందితే చాలు, తీగ పనిచేస్తోందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది. ఎవరూ జవాబివ్వని రోజున కూడా సిగ్నల్ ఎంతదూరం పోయిందో కనిపిస్తుంది.

తీగల్లో నేను వాడేవి రెండే. మొదటిది 40 మీటర్ల బ్యాండుకి ఎండ్-ఫెడ్ హాఫ్ వేవ్, అంటే ఒక కొస నుంచే సిగ్నల్ అందించే, సగం తరంగం పొడవు తీగ: 20 మీటర్ల పైచిలుకు సన్న తీగ, ఒక కొసన 49:1 ట్రాన్స్‌ఫార్మర్. సరుగుడు తోటలో కట్టడానికి ఇంతకంటే తేలికైంది లేదు. తాడు కొమ్మ మీదికి విసరడానికి వలకి కట్టే సీసం గుండు వాడతాను, రాయిలా తాడు ముడిలోంచి జారిపోదు. కరెంటు తీగలు దరిదాపుల్లో ఉంటే ఆ చెట్టు జోలికే పోను. తీగ నాలుగయిదు మీటర్ల ఎత్తులో అడ్డంగా ఉంటే సిగ్నల్ నిటారుగా పైకి పోయి, అయనోస్ఫియర్‌లోని ఎఫ్ పొర నుంచి తిరిగి చుట్టూ కొన్ని వందల కిలోమీటర్ల మేర పడుతుంది. పగటిపూట హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా దీంతోనే. విజయనగరం వైపు తాటిపూడి రిజర్వాయర్ దగ్గర చుట్టూ కొండలున్నా ఈ తీగకి నష్టం లేదు. వాలుగా పోవాల్సిన 20 మీటర్ల సెట్‌ని అక్కడికి మోసుకుపోవడం మాత్రం దండగ.

రెండోది 20 మీటర్ల బ్యాండుకి నిలువు తీగ. ముడుచుకునే ఫైబర్ గేలం కర్ర 7 మీటర్లది, దానికి చుట్టిన 5 మీటర్ల తీగ, అడుగున అంతే పొడవున్న రెండు రేడియల్స్ (నేల మీద పరిచే తీగలు). దీన్ని తోటలో నిలబెడితే మామూలు యాంటెన్నా. అల వచ్చి తాకే గీత దగ్గర నిలబెడితే వేరే వస్తువు. సముద్రపు నీటి వాహకత మీటరుకి నాలుగయిదు సీమెన్లు, మామూలు నేలది అందులో వెయ్యో వంతు స్థాయి. నిలువు తీగ నుంచి సముద్రం మీదుగా చాలా వాలుగా బయల్దేరే సిగ్నల్ నేల మీదిలా నష్టపోదు. దూరదేశాలకి కావలసింది ఆ వాలు సిగ్నలే. నీటికి యాభై అడుగులు వెనక్కి జరిగితే తేడా తెలుస్తుంది. నేనూ మొదట్లో నమ్మలేదు గానీ రివర్స్ బీకన్ అంకెలు అదే చెబుతుంటే వాదించేదేముంది. మంచినీటి చెరువు గట్టు మీద ఈ లాభం ఆశించకండి.

దిక్కులు కూడా చూసుకోవాలి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది, ఎదురుగా ఉన్న సముద్రం ఆగ్నేయం వైపు. అందువల్ల ఇండోనేషియా, ఆస్ట్రేలియా, మలేషియా, థాయ్‌లాండ్ దారుల్లో మొదటి అడుగు నీటి మీదే పడుతుంది. జపాన్ దారి ఇంచుమించు ఒడ్డు వెంబడే ఉంటుంది, కాబట్టి ఒడ్డు వంపుని బట్టి ఒకచోట బాగుంటే ఇంకోచోట అంతంతమాత్రం. యూరప్ మన వీపు వెనక, నేల మీదుగా. కళింగపట్నం నుంచి యూరప్ అందదని కాదు. సాయంత్రం 20 మీటర్ల బ్యాండ్ తెరుచుకుంటే, అంటే దూరపు సిగ్నళ్లు రావడం మొదలైతే, అటువైపు స్టేషన్లు బారులు తీరతాయి, జవాబులూ వస్తాయి. కాకపోతే ఆ దిక్కున సముద్రం మనకి చేసే సాయమేమీ లేదు. బీచ్‌లో పెట్టాను గదా, అన్ని వైపులా దూసుకుపోతుందని లెక్కలేసుకునేవాళ్లకి ఈ మాట.

శాలిహుండం కొండ ఎత్తు చూసి నాకూ మొదట ఆశ పుట్టింది గానీ, స్తూపాలున్నది పురావస్తు శాఖ కాపాడుతున్న చోటు. అక్కడ తీగలు, తాళ్లు కట్టను. పైనుంచి వంశధార చూసి దిగి వచ్చేస్తాను, సెట్ మాత్రం కింద సముద్రం దగ్గరే తీస్తాను.

వేళల సంగతి. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ చీకటి పడ్డాక, మనకింకా ఎండ ఉండగానే 40 మీటర్లలో వాళ్లు మెల్లగా పైకి తేలతారు. శీతాకాలం మొదట్లో మన దగ్గర పొద్దు అయిదున్నర లోపే వాలిపోతుంది, ఆ ముందూ వెనకా గంటసేపు నాకు అన్నిటికంటే ఇష్టమైన వేళ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అసలు సీజన్. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రాలు ఉరుములతో 40 మీటర్లు చిటపటలాడుతూనే ఉంటుంది, పిడుగు మనూళ్లో పడక్కర్లేదు, ఎక్కడో ఒడిశాలో మబ్బు పట్టినా చాలు. దగ్గర్లో మెరిస్తే మాత్రం తీగ దించి బండెక్కడమే. నిలువు కర్ర పట్టుకుని ఇసుకలో ఒంటరిగా నిలబడే సాహసం ఏ కాంటాక్ట్ కోసమూ చేయకూడదు.

ఇంతకాలంలో రేడియో కంటే ముందు అరిగిపోయినవి చుట్టూ ఉన్నవి. ఉప్పుగాలికి పాడిల్ (చుక్కలకీ గీతలకీ రెండు రెక్కలుండే కీ) కాంటాక్టులు మసకబారి, గీత మధ్యలో తెగి రెండు చుక్కలవుతుంది. ఇంటికొచ్చాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచే అలవాటు లేకపోతే పాడిల్ ఎక్కువ కాలం దక్కదు. ఒక ఆన్‌లైన్ అంగడిలో కొన్న బీఎన్‌సీ యాంటెన్నా కేబుల్ ఒక్క వానాకాలానికే లోపల పచ్చగా మారింది, అప్పటినుంచి కేబుళ్లు నేనే కట్టుకుంటున్నాను. ఇయర్‌ఫోన్ల లెక్క రాసుకోవడం మానేశాను. బ్యాటరీకి మూడు 18650 సెల్‌లు వరసగా కలిపిన ప్యాక్ పెట్టుకున్నాను. వినేటప్పుడు 0.1 ఆంపియర్, కీ నొక్కినప్పుడు దాదాపు అర ఆంపియర్, కాబట్టి ఒక పూటకి చాలి ఇంకా మిగులుతుంది. వోల్టేజీ 12.6 నుంచి 10.5కి దిగితే పవర్‌లో దాదాపు మూడో వంతు పోతుంది గానీ, అది డెసిబెల్స్‌లో ఒకటిన్నరే. అవతలాయనకి ఆ తేడా తెలియను కూడా తెలియదు. వాట్ల గురించి బెంగపడే సమయం తీగ మీద పెట్టమని నేననేది అందుకే.

జనం గురించి. లైసెన్స్ నకలు, గుర్తింపు కార్డు ఎప్పుడూ సంచిలో ఉంటాయి. తీరంలో మెరైన్ పోలీసులు అడగడం వాళ్ల పని, కాగితం చూపిస్తే మాట తేలికవుతుంది. లైసెన్స్‌లో రాసిన చిరునామా దాటి బయట స్టేషన్ పెట్టడానికి ఏ నిబంధన వర్తిస్తుందో ముందే చూసుకోండి. పల్లెవాళ్లతో ఏ ఇబ్బందీ లేదు, కుతూహలమే. గేలం కర్ర నిలువుగా పాతి ఉండటం చూసి ఒక పెద్దాయన అడిగారు:

"ఏటి బావూ, గేలాన్ని ఆకాసంలోకి ఏసేరు?"

జపాన్ మనిషితో మాట్లాడానని చెబితే పక్కనే గొంతుక్కూర్చున్నారు.

"మరి ఆడేటన్నాడు?"

"తన పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. నా సిగ్నల్ బాగుందన్నాడు."

"అంతేనేటి!"

అంతే. 599 (సిగ్నల్ బాగుందని), పేరు, ఊరు, 73 (శుభాకాంక్షలు). దానికే ఇంత హడావిడి. ఈ మాట ఎవరికీ దాచక్కర్లేదు. కబుర్లు కావాలంటే ఇది తప్పు రేడియో.

మోర్స్ రాకుండా దీన్ని కొనకండి. మన దగ్గర జనరల్ గ్రేడ్ పరీక్షకి అడిగేది నిమిషానికి 8 పదాల వేగం. గాలిలో మాత్రం మామూలుగా 15 నుంచి 20 దాకా నడుస్తుంది. క్యూఆర్‌ఎస్ (నెమ్మదిగా పంపండి) అని పంపితే మంచివాళ్లు వేగం తగ్గిస్తారు, జపాన్ వాళ్లు మరీను. నేర్చుకునేటప్పుడు అక్షరాన్ని మొదటినుంచీ 20 పదాల వేగంతోనే వింటూ, అక్షరాల మధ్య ఖాళీ ఎక్కువ పెట్టుకోవడం మేలు. నెమ్మది మోర్స్‌తో మొదలుపెట్టినవాళ్లు చుక్కలు లెక్కపెట్టడం దగ్గరే ఆగిపోతారు.

నన్ను తరచుగా అడిగే ప్రశ్న, తుపానులో ఇది పనికొస్తుందా అని. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలతో పాటు కరెంటు స్తంభాలూ నేలకొరిగాయి. అది చూసినవాళ్లు అలా అడగడంలో తప్పులేదు. నా జవాబు: ఇదొక్కటే అయితే పెద్దగా పనికిరాదు. అవతల మోర్స్ తెలిసిన మనిషి వింటూ ఉండాలి, ఆ పూట బ్యాండ్ తెరిచి ఉండాలి. మండల కేంద్రం నుంచి ఊరికి మాట చేరవేయాలంటే దగ్గరి దూరాలకి వాడే వీహెచ్‌ఎఫ్ హ్యాండ్‌సెట్, రాష్ట్రంలో దూరానికైతే మాట పోయే 50, 100 వాట్ల హెచ్‌ఎఫ్ (షార్ట్‌వేవ్) సెట్, ఒక కారు బ్యాటరీ ఉండాలి. తుపాను పేరు చెప్పి ఇంట్లో డబ్బు అడగాలనుకునేవాళ్లు వేరే సాకు వెతుక్కోండి.

ఒక్క సెట్టే కొనేవాళ్లు 40 మీటర్లది తీసుకోండి. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం కొండలు, ఎక్కడున్నా పగలు దేశంలోని స్టేషన్లు, చీకటిపడే వేళ తూర్పు దేశాలు అందుతాయి. చెట్టు ఉంటే చాలు. కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి ఒడ్డుకి గంటలోపు చేరగలిగినవాళ్లయితేనే రెండోది 20 మీటర్లది.