1992 నాస్కార్ సీజన్ వెతుక్కుంటూ మూడు రోజులు: డాసన్‌విల్, హ్యాంప్టన్, షార్లెట్, లెవెల్ క్రాస్

మేం జార్జియాలో కమ్మింగ్‌లో ఉండబట్టి ఎనిమిదేళ్లు. అమికలోలా జలపాతానికి నాలుగైదు సార్లు వెళ్లాం, ప్రతిసారీ డాసన్‌విల్ మీదుగానే, కానీ ఆ ఊళ్లో కారు ఆపింది ఒక్కసారీ లేదు. మొన్న అక్టోబర్‌లో న్యూజెర్సీ నుంచి మా మామయ్య వచ్చి "ఏంట్రా, రేసర్ బిల్ ఎలియట్ ఊరు పక్కన పెట్టుకుని ఒక్కసారి కూడా చూడలేదా" అని కోప్పడితే అప్పటికప్పుడు మొదలైంది ఈ ట్రిప్. మామయ్య 1990లో అట్లాంటాకి జార్జియా టెక్‌లో ఎంఎస్ చేయడానికి వచ్చాడు, మెకానికల్. అప్పటి రూమ్మేట్ వరంగల్ అంకుల్ ఇప్పుడు ఆల్ఫరెటాలో ఉంటారు. వాళ్లిద్దరినీ ల్యాబ్‌లో ఒక అమెరికన్ స్నేహితుడు 1992 నవంబర్ 15న అట్లాంటా రేసుకి తీసుకెళ్లాడట, ఇక అప్పట్నుంచీ ఇద్దరికీ నాస్కార్ అంటే, అదే అమెరికాలో స్టాక్ కార్ల (చూడ్డానికి మామూలు కార్లలా ఉండే రేసు కార్ల) పోటీలంటే ప్రాణం. మామయ్యది అలన్ కుల్విక్కీ అనే రేసర్ పార్టీ, అంకుల్‌ది ఎలియట్ పార్టీ. మధ్యలో డ్రైవింగ్ నాది.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తా. ఆ రోజు సీజన్‌లో ఆఖరి రేసు, ఛాంపియన్‌షిప్ గెలిచే అవకాశం లెక్క ప్రకారం ఆరుగురికి ఉంది. సీజన్ మొత్తం పాయింట్లలో డేవీ ఆలిసన్ ముందున్నాడు, కుల్విక్కీ 30 పాయింట్లు వెనక, ఎలియట్ 40 వెనక. అదే రోజు రిచర్డ్ పెట్టీ ఆఖరి రేసు, ఏడు ఛాంపియన్‌షిప్‌లు 200 విజయాలు ఉన్న మనిషి, అదే రోజు జెఫ్ గార్డన్ అనే 21 ఏళ్ల కుర్రాడి మొదటి రేసు. అన్నీ ఒకే మధ్యాహ్నం.

మొదటి రోజు పొద్దున్నే డాసన్‌విల్. జార్జియా రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్ పెద్ద మ్యూజియం ఏం కాదు, గంటన్నరలో అయిపోతుంది, కానీ ఎలియట్ కార్లు దగ్గర్నుంచి చూడొచ్చు. 1987లో టల్లడేగాలో ఆయన క్వాలిఫయింగ్‌లో (రేసుకి ముందు ఎవరు ఏ వరసలో మొదలుపెట్టాలో తేల్చే పరుగులో) కొట్టిన గంటకి 212.809 మైళ్ల రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. అసలు ఈ కొండల్లో రేసింగ్ పుట్టిందే దొంగసారా వల్ల, రాత్రిళ్లు పోలీసులకి చిక్కకుండా సరుకు అట్లాంటాకి చేర్చడానికి కార్లు బాగుచేసుకున్నవాళ్లే తర్వాత రేసర్లయ్యారు, ఆ కథ అక్కడ బాగా చెప్పారు. తర్వాత డాసన్‌విల్ పూల్ రూమ్. పేరు చూసి ఫ్యామిలీతో వెళ్లొచ్చా అని సందేహపడకండి, అది హోటలే, గోడలన్నీ ఎలియట్ ఫోటోలు, పేపర్ కటింగ్‌లు, పాత కారు భాగాలు. ఎలియట్ గెలిచినప్పుడల్లా అక్కడ సైరన్ మోగించేవాళ్లు, ఇప్పుడు వాళ్ల అబ్బాయి ఛేజ్ గెలిస్తే మోగిస్తారు. 1992 మార్చిలో ఎలియట్ వరసగా నాలుగు రేసులు గెలిచాడు, అంటే ఆ నెలంతా ఊళ్లో సైరనే అని అంకుల్ చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. బుల్లీ బర్గర్ ఫేమస్. అంకుల్ శాకాహారి కాబట్టి ఫ్రెంచ్ ఫ్రైస్ తిని, కార్లోకొచ్చి అత్తయ్య చేసిచ్చిన పులిహోర తిన్నారు. వడ్డించే ఆవిడ మేం 92 గురించి అడిగామని తెలిసి పని ఆపి మరీ గోడ మీద ఏ ఫోటో ఎక్కడుందో చూపించింది. మర్యాద విషయంలో ఈ ట్రిప్ మొత్తంలో దీనికే నా మొదటి మార్కు.

అక్కడ్నుంచి 400 హైవే మీద దిగి అట్లాంటా దాటి హ్యాంప్టన్. డౌన్‌టౌన్‌లో ట్రాఫిక్‌కి గంట పోయింది, మీరు వెళ్తే పదకొండింటికల్లా సిటీ దాటేయండి. ఆ 1992 రేసు జరిగింది ఇక్కడే, ఈ ట్రాక్‌ని చాలా ఏళ్లు అట్లాంటా మోటార్ స్పీడ్‌వే అనేవాళ్లు, 2025లో ఎకోపార్క్ స్పీడ్‌వే అని పేరు మార్చారు. రేసు లేని రోజుల్లో టూర్ ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి, మేం అలాగే చేశాం, వ్యాన్‌లో ట్రాక్ మీద ఒక రౌండ్ తిప్పారు. 2022లో ట్రాక్ వెడల్పు తగ్గించి మలుపుల వాలు 24 డిగ్రీల నుంచి 28కి పెంచారు, వ్యాన్ ఆ వాలు మీద మెల్లగా పోతుంటే పక్కకి ఒరిగిపోతామేమో అనిపిస్తుంది, టీవీలో చూసినప్పుడు ఇది అస్సలు తెలియదు.

ఇక్కడే ఒకటి జరిగింది. మామయ్య తను ఆ రోజు కూర్చున్న చోటు చూడాలన్నాడు. స్టార్ట్ ఫినిష్ గీతకి కొంచెం పక్కన, మొదటి మలుపు వైపు. ఇప్పటి గీత దగ్గర నిలబడి అటూ ఇటూ చూస్తాడు, ఏదీ కుదరట్లేదు, ఎండ ఇటునుంచి వచ్చేది కాదంటాడు, మలుపు అటు ఉండాలంటాడు. ముప్పై ఏళ్లయింది కదా మర్చిపోయి ఉంటాడులే అనుకున్నా. అప్పుడు టూర్ చేయించే పెద్దాయన చెప్పారు, 1997లో ఈ ట్రాక్‌ని తిప్పేశారట, అప్పటిదాకా ముందు వైపు ఉన్నది వెనక వైపు అయింది, వెనక వైపున కొత్తగా స్టాండ్లు కట్టి అటు గీత పెట్టారు. అంటే మామయ్య చెప్పిందంతా కరెక్టే, గీతే అవతలికి పోయింది. వ్యాన్ వెనక వైపు ఆపించాడు. దిగి కంచె పట్టుకుని నిలబడి "ఇక్కడ్రా, వాడు ఇక్కడే వెనక్కి తిరిగాడు" అన్నాడు. కుల్విక్కీకి గెలిచినప్పుడు ట్రాక్ మీద అందరికీ వ్యతిరేక దిశలో ఒక రౌండ్ కొట్టడం అలవాటు, అలా పోతే డ్రైవర్ కిటికీ జనం వైపుకి వస్తుంది, వాళ్లకి ఎదురుగా చెయ్యి ఊపొచ్చు, 1988లో ఫీనిక్స్‌లో మొదటి విజయానికి మొదలుపెట్టాడు, వాళ్ల పూర్వీకులది పోలండ్ కాబట్టి దానికి పోలిష్ విక్టరీ ల్యాప్ అని పేరొచ్చింది. ఆ నవంబర్ సాయంత్రం కూడా అదే చేశాడు. మామయ్య మాట్లాడ్డం ఆపేసి చాలాసేపు అలా నిలబడ్డాడు, అంకుల్ వెళ్లి భుజం మీద చెయ్యేశారు, నేను ఫోటో కూడా తియ్యలేదు.

ఆ రోజు లెక్క నాకు అక్కడే పూర్తిగా అర్థమైంది. ఆలిసన్‌కి ఐదో స్థానం వచ్చినా ఛాంపియన్‌షిప్ వచ్చేసేది, 253వ ల్యాప్ (ట్రాక్ చుట్టూ ఒక రౌండ్) దగ్గర ఎర్నీ ఇర్వన్ కారు అదుపు తప్పి అడ్డంగా తిరిగి ఆలిసన్ దాన్ని గుద్దాడు, అంతే అయిపోయింది. మిగిలింది కుల్విక్కీ, ఎలియట్. కుల్విక్కీ కారులో మొదటి గేర్ పోయింది, పిట్ (టైర్లు మార్చి పెట్రోల్ పోసే చోటు) నుంచి బయటికి రావాలంటే పై గేర్లోనే ఈడ్చుకుంటూ రావాలి. గెలిచినవాడికి 175 పాయింట్లు, రెండోవాడికి 170, ఒక్క ల్యాప్ మొదటి స్థానంలో నడిపినా 5, అందరికన్నా ఎక్కువ ల్యాప్‌లు అలా నడిపినవాడికి ఇంకో 5. 328 ల్యాప్‌ల రేసు. కుల్విక్కీ 103 ల్యాప్‌లు మొదటి స్థానంలో నడిపాడు, ఎలియట్ 102. కుల్విక్కీ పిట్‌లో కూర్చున్నవాళ్లు ఇదే లెక్కేసుకుని 310వ ల్యాప్ దాకా అతన్ని పిట్‌కి పిలవకుండా ట్రాక్ మీదే ఉంచారు. రేసు ఎలియట్ గెలిచాడు, కుల్విక్కీ రెండోవాడు, ఇద్దరికీ 180 పాయింట్లు వచ్చాయి, ఛాంపియన్‌షిప్ 10 పాయింట్ల తేడాతో కుల్విక్కీది. ఆ 5 బోనస్ అటు పోయి ఉంటే ఇద్దరూ సమానం, సీజన్‌లో ఎలియట్‌కి ఐదు గెలుపులు కుల్విక్కీకి రెండే కాబట్టి కప్పు ఎలియట్‌కి. వరంగల్ అంకుల్ ఈ ఒక్క ల్యాప్ గురించి ఇప్పటికీ బాధపడ్తారు, నిజంగా బాధపడ్తారు.

రాత్రి బస మాత్రం అస్సలు బాగోలేదు. ఐ-75 పక్కన ఎగ్జిట్ దగ్గర ఒక చైన్ హోటల్, పేరు చెప్పను, రెండు బెడ్లున్న రూమ్ బుక్ చేస్తే ఒక్క బెడ్ రూమ్ ఇచ్చారు, మార్చమంటే ఖాళీ లేదన్నారు, రోల్ అవే మంచం అడిగితే రాత్రి పదకొండింటికి తెచ్చారు. పెద్దవాళ్లతో వెళ్తే ఆ ప్రాంతంలో ఉండకండి, సాయంత్రమే బయల్దేరి ఐ-85 మీద గ్రీన్‌విల్ దాకా పోయి అక్కడ పడుకోవడం మేలు, మర్నాటి ప్రయాణం కూడా సగానికి సగం తగ్గిపోతుంది.

రెండో రోజు షార్లెట్. బస యూనివర్సిటీ ఏరియాలో తీసుకున్నాం, ఇది మాత్రం మంచి నిర్ణయం. రూమ్ శుభ్రంగా ఉంది, ఇండియన్ గ్రోసరీ దగ్గర్లో ఉంది, అన్నిటికన్నా ముఖ్యం బ్లూ లైన్ రైలు ఎక్కితే నేరుగా అప్‌టౌన్‌లో కన్వెన్షన్ సెంటర్ దగ్గర దింపుతుంది, నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే. పార్కింగ్ గొడవ లేదు. యూఎన్‌సీ షార్లెట్ క్యాంపస్‌లో మోటార్‌స్పోర్ట్స్ ఇంజనీరింగ్ ల్యాబ్‌కి కుల్విక్కీ పేరే పెట్టారు, బయట్నుంచి చూశాం. మన పిల్లలు ఎంతమంది ఆ యూనివర్సిటీలో చదువుతున్నారో, మేం నిలబడిన పది నిమిషాల్లోనే ఇద్దరు తెలుగులో మాట్లాడుకుంటూ పోయారు, మామయ్య వాళ్లని ఆపి ఈ పేరు ఎవరిదో తెలుసా అని అడిగి, తెలీదంటే కూర్చోబెట్టి మొత్తం చెప్పాడు. విస్కాన్సిన్ మిల్వాకీ యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివి, ఉన్నవన్నీ అమ్ముకుని అమెరికా దక్షిణాదికి వచ్చి, పెద్ద టీమ్ యజమాని జూనియర్ జాన్సన్ పిలిచినా పోకుండా సొంత టీమ్ నడుపుకుని, తన కారు తనే తీర్చిదిద్దుకున్న మనిషి. ఆఖరి రేసుకి ఫోర్డ్ థండర్‌బర్డ్ మీద పేరులో మొదటి రెండు అక్షరాలు తీసేయించి అండర్‌బర్డ్ అని పెట్టుకున్నాడు, అందరూ మనల్ని తక్కువగా చూస్తున్నారు కదా అని. సెప్టెంబర్‌లో డోవర్ రేసు తర్వాత 278 పాయింట్లు వెనక ఉన్నవాడు, మిగిలింది ఆరు రేసులే.

హాల్ ఆఫ్ ఫేమ్‌కి కనీసం నాలుగు గంటలు పెట్టుకోండి. 2010లో తెరిచారు. గ్లోరీ రోడ్ అని ఒక వంకర ర్యాంప్ మీద కార్లు వరసగా పెట్టారు, నడుస్తుంటే వాలు పెరుగుతూ పోయి చివర 33 డిగ్రీలు అవుతుంది. పిల్లలకి సిమ్యులేటర్, టైరు మార్చే పోటీ ఉన్నాయి, క్యూ ఎక్కువ, లోపలికి రాగానే ముందు అవి చూసుకోండి. స్టాఫ్ బాగా మాట్లాడారు. మేం వెళ్లింది ముఖ్యంగా 2019 బ్యాచ్ కోసం, ఆ ఏడు కుల్విక్కీ, డేవీ ఆలిసన్, జెఫ్ గార్డన్ ముగ్గురూ కలిసే చేరారు. గార్డన్ ఆ మొదటి రేసులో 31వ స్థానం, తర్వాత నాలుగు ఛాంపియన్‌షిప్‌లు. మిగతా ఇద్దరూ లేరు. కుల్విక్కీ 1993 ఏప్రిల్ 1న బ్రిస్టల్ రేసుకి వెళ్తూ విమానం కూలి చనిపోయాడు, మర్నాడు అతని కారు మోసే ట్రక్కు ముందు నల్ల దండ కట్టుకుని వానలో బ్రిస్టల్ ట్రాక్ చుట్టూ మెల్లగా తిరిగి వెళ్లిపోయింది. జూలైలో టల్లడేగాలో హెలికాప్టర్ కూలి ఆలిసన్ పోయాడు. ఆ 92 అతనికి ఎలాంటి ఏడాదో చూడండి, ఫిబ్రవరిలో డేటోనా 500 గెలిచాడు, మేలో షార్లెట్‌లో లైట్ల కింద రాత్రి రేసు గెలుస్తూనే గీత మీద గుద్దుకుని ఆస్పత్రికి పోయాడు, జూలైలో పొకోనోలో పల్టీలు కొట్టి చెయ్యి విరిగింది, ఆగస్టులో మిషిగన్‌లో తమ్ముడు క్లిఫర్డ్ ప్రాక్టీస్‌లో చనిపోయాడు. అయినా ఆఖరి రేసుకి మొదటి స్థానంలో వచ్చాడు. మామయ్య కుల్విక్కీ మనిషే గానీ ఆలిసన్ పేరు ముందే ఎక్కువసేపు నిలబడ్డాడు.

మ్యూజియం గొప్పదే, డబ్బుకి న్యాయం ఉంది. కానీ ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి, అక్కడ 92 సీజన్ ఎన్నో వాటిలో ఒకటి, హ్యాంప్టన్ కంచె దగ్గర కలిగింది ఇక్కడ కలగలేదు. స్టాక్ కార్ అంటే ఏంటో తెలియనివాళ్లయితే ముందు షార్లెట్, తెలిసినవాళ్లయితే ముందు హ్యాంప్టన్.

మూడో రోజు లెవెల్ క్రాస్, షార్లెట్ నుంచి గంటన్నర, పల్లెటూరు. రిచర్డ్ పెట్టీ మ్యూజియం వాళ్ల ఇంటి స్థలంలోనే ఉంది, వాళ్ల నాన్న లీ పెట్టీ కార్లు కట్టడం మొదలుపెట్టిన పాత షెడ్డు కూడా. కార్లే కాదు, పెట్టీ భార్య లిండా గారు దాచుకున్న బొమ్మలు, పెట్టీకి జనం ఇచ్చిన కానుకలు, ఒక కుటుంబం ఇంట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది. తినడానికి దగ్గర్లో మాకు ఏమీ దొరకలేదు, షార్లెట్‌లోనే ఇడ్లీలు కట్టించుకుని పోవడం మంచిదైంది. అక్కడి పెట్టీ నీలం రంగు 43 నంబర్ కారు చూసి అంకుల్ చెప్పారు, ఆ ఆఖరి రేసులో పెట్టీ కారు వందో ల్యాప్ కూడా రాకముందే వేరేవాళ్ల యాక్సిడెంట్‌లో ఇరుక్కుని ముందు భాగం మంటలు, ఇక అయిపోయింది ఇంటికెళ్లిపోతాడు అనుకున్నారట. మెకానిక్‌లు రెండు గంటలకి పైగా కూర్చుని బాగుచేసి ఆఖరి ల్యాప్‌లకి తీసుకొచ్చారు, రేసు ముగిసేటప్పుడు కారు నడుస్తూ ఉండాలని. స్టాండ్స్‌లో వాళ్ల పక్కన కూర్చున్న ఆరడుగుల మనుషులు ఏడ్చారట.

తిరుగు ప్రయాణం ఆరు గంటల పైనే, ఒకేరోజు పెట్టుకోకండి, మేం పెట్టుకుని బాగా అలిసిపోయాం. చీకటి పడ్డాక ఐ-85 మీద వెనక సీట్లో ఇద్దరూ మళ్లీ అదే వాదన. కుల్విక్కీ 310లో కాకుండా ఒక్క ల్యాప్ ముందు పిట్‌కి వచ్చుంటే అని అంకుల్, రాడు కదరా వాడు ఇంజనీర్, లెక్కేసుకున్నాడు అని మామయ్య. "లెక్క తప్పొచ్చు కదరా" "తప్పలేదు కదరా" అంటూ కామర్స్ దాకా వచ్చేశారు. ఏప్రిల్‌లో బ్రిస్టల్ వెళ్దాం, హోటల్ ఇప్పుడే బుక్ చెయ్యి, రెండు బెడ్లు ఉన్నాయని ఫోన్ చేసి అడుగు అని మామయ్య అన్నాడు, చేశాను.